నక్కకు చిన్న గుండ్లు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో తుపాకి ఉన్న ఇల్లు మాదొక్కటే. రేపల్లె నుంచి పెనుమూడి వెళ్ళే దారిలో, కృష్ణ కరకట్టకు కాస్త ఇవతల మా ఊరు. ఏటి లంకల్లో రెల్లు దుబ్బుల నిండా నక్కలుండేవి. దోసపాదులు పాడుచేసేవి, బాతుల్ని ఎత్తుకుపోయేవి. వాటిని బెదరగొట్టడానికి మా తాతయ్య ఎప్పుడో లైసెన్సు తీసుకుని ఒంటి గొట్టం తుపాకి కొన్నాడు. చాలావరకు గాలిలోకే పేల్చేవాడు. ఆ సంవత్సరం వరకు ఆయన దాన్ని ఒక ప్రాణి మీద గురిపెట్టగా నేను చూడలేదు.

అప్పుడు నాకు పదేళ్ళు. నాట్లు మొదలైన రోజులు. ఒక నక్క పట్టపగలే ఊరి మీదికి రాసాగింది. మనుషుల్ని చూస్తే పారిపోవలసింది పోయి ఎదురొచ్చేది. నోటి వెంట చొంగ, నడకలో తూలుడు. ఒకేరోజు రెండు మేకల్నీ, ఒక గేదె దూడనీ కరిచింది. పిచ్చెక్కిందని పెద్దవాళ్ళు తేల్చేశారు. అందరూ మా అరుగు దగ్గరికే వచ్చారు.

ఇంట్లో మంచి తూటాలు లేవు. పాతవి రెండున్నాయిగానీ అవి పెద్ద గుండ్లవి, తాతయ్యకు అవంటే ఇష్టం లేదు. మర్నాడు పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్ళాం. నేను ఏడ్చి వెంటపడితే తీసుకెళ్ళాడు. బజారులో తుపాకి సామాను అమ్మే సాయిబుగారు తాతయ్యకు బాగా తెలిసినవాడు. ఆయన మూడు చిన్న గిన్నెలు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో శనగలంత సీసపు గుండ్లు, ఒకదాంట్లో మిరియాలంతవి, ఇంకోదాంట్లో ఆవాలంతవి. నా అరచేతిలో రెండు పెద్దవి పెట్టాడు. వాటి బరువుకు ఆశ్చర్యపోయాను.

పిచ్చినక్కకైతే పెద్దవే మేలని సాయిబుగారన్నాడు. ఒక్కటి తగిలితే లేవదని, చిన్నవాటికి దూరం పోయేకొద్దీ పస తగ్గిపోతుందని, దెబ్బతిన్న నక్క మామూలు నక్కకంటే ప్రమాదమని ఓపిగ్గా చెప్పాడు. తాతయ్య అంతా విన్నాడు. విని మిరియాలంత గుండ్లున్న తూటాలే అడిగాడు.

"మనది బల్లపరుపు నేల సాయిబుగారూ. కొండా గుట్టా లేవు. పెద్ద గుండు నక్కని దాటి పోయిందంటే దాన్ని ఆపడానికి మనుషులు తప్ప అడ్డేం ఉండదండి," అన్నాడు.

సాయిబుగారు అవే పొట్లం కట్టి ఇచ్చాడు.

రేపల్లెలో దిగి ఊరికి నడిచి వస్తుంటే తాతయ్య కాలవ గట్టు మీద నన్ను నిలబెట్టి, చేలో ఉన్న ఒక కొంగను చూపించాడు. దాని వెనకాల ఏముందో చెప్పమన్నాడు. ఏమీ లేదన్నాను. మళ్ళీ చూడమన్నాడు. చూస్తే, చాలా దూరంగా గేదెను కడుగుతున్న మనిషి కనిపించాడు. ఇంకా చూడమన్నాడు. ఆ మనిషికి అవతల గడ్డివాము, దానికీ అవతల కరకట్ట మీద పాకుతున్న బస్సు. అప్పుడు తాతయ్య, కొంగను ఎవడైనా చూస్తాడనీ, తుపాకి పట్టినవాడికి దాని వెనకాల చూడ్డమే పని అనీ చెప్పాడు. నాకది గొప్ప ఆటలా తోచింది. ఇంటికొచ్చేదాకా కనబడిన ప్రతి దాని వెనకాలా ఏముందో లెక్కపెడుతూ నడిచాను.

పక్కింటి అక్కకు ఇదంతా చెప్పాను. అక్కకు ఇరవై ఏళ్ళుంటాయి. తండ్రి లేడు. తల్లీ కూతుళ్ళిద్దరే. మిషను మీద ఊళ్ళో ఆడవాళ్ళందరికీ రవికలు కుట్టేది. నేను ఏది చెప్పినా సగం విని నవ్వేసి, మిగతా సగం తనే కల్పించి చెప్పేది. ఆ రోజు నన్ను మిషను ముందు నిలబెట్టి, నా వెనకాల ఏముందో చెప్పమంటావా అంది. ఏముందన్నాను. కుట్టాల్సిన జాకెట్లు అంది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

రెండు రోజులు నక్క జాడ లేదు. మూడో రోజు పొద్దెక్కాక మా పాలేరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. నక్క మా పెద్ద చేలో ఉందని, నాట్లేసే వాళ్ళ వైపు పోతోందని చెప్పాడు. తాతయ్య తుపాకి అందుకున్నాడు. తూటాల సంచి పాలేరు పట్టుకున్నాడు. నన్ను ఇంట్లో ఉండమన్నారు. నేను ఉండలేదు.

గట్టు మీద చింతచెట్టు చాటున నిలబడి చూశాను. నక్క బురదలో తూలుతూ పోతోంది. దానికి అవతల పాతికమంది ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. తాతయ్య కేక వేశాడు. ఎదురుగాలి. వాళ్ళ పాటలో వాళ్ళున్నారు. ఎవరూ తలెత్తలేదు. దగ్గరికి పోదామంటే మోకాలి లోతు బురద.

పాలేరు సంచిలోంచి పాత పెద్ద గుండ్ల తూటా తీసి చాపాడు. "ఇది వెయ్యండి పెద్దయ్యగారూ, దూరంలో ఉంది," అన్నాడు.

తాతయ్య దాని వంక చూశాడు. నక్క వంక చూశాడు. ఆ తర్వాత నక్క వెనకాల చూశాడు. అక్కడ ఏముందో ఆయనతోపాటు నేనూ చూశాను. ఆయన తూటా వెనక్కిచ్చేసి చిన్న గుండ్లది పెట్టి, నక్క కొంచెం పక్కకు తిరిగేదాకా ఆగి, పేల్చాడు.

నక్క పడింది. ఆడవాళ్ళు కేకలేస్తూ గట్టెక్కారు. వాళ్ళలో ఒక్కరికీ ఏమీ కాలేదు. పాలేరు గెడకర్ర తీసుకుని దిగేలోపల నక్క లేచింది. వెనక కాలు ఈడ్చుకుంటూ ఆడవాళ్ళున్న వైపు కాకుండా కాలవ దారి వైపు పరిగెత్తింది. ఆ దారిలో పక్కింటి అక్క నాట్లలో ఉన్న తల్లికి అన్నం క్యారేజీ తీసుకొస్తోంది. పేలుడు చప్పుడుకు ఉలిక్కిపడి క్యారేజీ జారవిడిచినట్టుంది. తియ్యడానికి వంగింది. అలా వంగి ఉన్నప్పుడే నక్క మీదపడి చెంప కరిచింది. పాలేరు వెనకాలే వచ్చి దాన్ని గెడకర్రతో కొట్టి చంపేశాడు.

తాతయ్య బురద కాళ్ళతోనే అక్కను కాలవ దగ్గర కూర్చోబెట్టి, చాలాసేపు గాయం కడిగాడు. రేపల్లె తీసుకెళ్ళాడు, అక్కణ్ణుంచి గుంటూరు పెద్దాసుపత్రికి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వెయ్యాలన్నారు. పద్నాలుగు రోజులూ తాతయ్య అక్కడే ఉండి అన్నీ వేయించాడు. ఒక్కటీ తప్పలేదు. అక్క పొట్ట పట్టుకుని నడుస్తూ ఇంటికొచ్చింది. చెంప మీద కుట్లు చూపించి, తనకంటే డాక్టరు కుట్టు వంకర అంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

గాయం తల దగ్గరైతే సూదులు కూడా ఒక్కోసారి ఆదుకోలేవని మాకు తెలియదు. వారం తిరక్కుండానే చెంప జివజివలాడుతోందని అంది. తర్వాత రెండు రోజులకు నీళ్ళు అడిగి, గ్లాసు దగ్గరికి తెస్తే వణికిపోయి తోసేసింది. పిల్లల్ని ఆ ఇంటి వైపు పోనివ్వలేదు. ఆ తర్వాతి మూడు రోజులూ గోడ అవతలి నుంచి విన్నవి ఇక్కడ రాయను. నాలుగో రోజు ఆ ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

పెద్ద గుండు వేసుంటే నక్క అక్కడే చచ్చేదని ఊరు ఊరంతా అంది. గట్టెక్కి బతికిన ఆడవాళ్ళు కూడా అన్నారు. తాతయ్య ఎవరితోనూ వాదించలేదు. దినం అయ్యాక నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళాడు. అక్క తల్లి గుమ్మంలో కూర్చుని ఉంది. తాతయ్య నిలబడే చెప్పాడు.

"పెద్ద తూటా నా చేతికిచ్చారమ్మా. అదేసుంటే నక్క అక్కడే పడిపోయేది. నేనే వెయ్యలేదు."

ఆమె తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. "మళ్ళీ అదే పరిస్థితి వస్తే ఏది వేస్తావు బాబాయ్?" అని అడిగింది.

"అదే చిన్నది వేస్తానమ్మా," అన్నాడు తాతయ్య.

ఆమె లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తర్వాత తాతయ్య బతికిన ఆరేళ్ళలో ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోయేది.

మళ్ళీ చిన్నది వెయ్యనని చెప్పచ్చుగా తాతయ్యా, ఆవిడ ఏడ్చి ఊరుకునేది కదా అని ఇంటికొచ్చాక అడిగాను. ఆయన తుపాకి తుడుస్తున్నాడు, మర్నాడు పోలీసు స్టేషనులో అప్పగించడానికి.

"అబద్ధం చెబితే ఆవిడకి కోప్పడ్డానికి కూడా మనిషి ఉండడే," అన్నాడు.

ఇప్పుడు నేను బాపట్లలో ఉంటున్నాను. హెడ్మాస్టరుగా రిటైరై చాలా ఏళ్ళయింది. లంకల్లో నక్కలు తగ్గిపోయాయంటారు. ఆ రోజు తాతయ్య చేసింది సరైనదేనా అని ఎవరైనా అడిగితే, అవునంటాను. అన్నాక మనసుకు ఏ ఊరటా కలగదు. పాతికమంది ముఖాలు నాకు గుర్తులేవు. అక్క ముఖం ఉంది. సరైన పని చేస్తే మంచే జరుగుతుందని నా పిల్లలకు గానీ, బళ్ళో పిల్లలకు గానీ నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

బడి పెద్దగా నేనూ కొన్ని నిర్ణయాలు తీసుకున్నాను. బాగా ఆలోచించి తీసుకున్నవే. వాటివల్ల కొన్ని ఇళ్ళకు చెడు జరిగింది. ప్రతిసారీ ఆ ఇంటికి నేనే వెళ్ళి, నా వల్లే జరిగిందని చెప్పాను. దానివల్ల ఎవరి దుఃఖమూ తగ్గలేదు, నాదీ తగ్గలేదు. ఒక ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ వాళ్ళు తిట్టారు. ఆ తిట్లన్నీ అయిపోయేదాకా అక్కడే నిలబడి, అప్పుడు వచ్చాను.