కన్సెంట్ కంఠతా వచ్చిన పిల్ల

నర్సింగ్ చదివిన రోజుల్లో నేను మనస్ఫూర్తిగా ప్రేమించింది పొడి అక్షరాలని. ఎన్.పి.ఓ. అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. బి.డి. అంటే రోజుకి రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. ఇంగ్లీషులో వాక్యం మొదలుపెడితే చివరికి చేరేలోపు చెమటలు పట్టేవి. అలాంటిదానికి మూడక్షరాల్లో అయిపోయే ఇంగ్లీషు దొరికితే వదులుతానా?

సెలవలకి ప్రత్తిపాడు దగ్గర మా ఊరికెళ్లి ఆ విద్యని ఇంటిల్లిపాదికీ పంచాను. ఏకాదశి ఉపవాసం ఉన్న నాయనమ్మ మంచం పక్కన గోడ మీద సుద్దముక్కతో ఎన్.పి.ఓ. అని రాశాను. నాన్నకి కాఫీ ఇకమీదట బి.డి. మాత్రమే అని ఆర్డరు వేశాను. కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న అమ్మ తలెత్తి, "ఒసేయ్, మధ్యాన్నం కూర ఏం వండాలో తెలుగులో చెప్పు, అంతే చాలు" అంది. మా అమ్మకి చదువు విలువ తెలియదని చాలా జాలిపడ్డాను.

రెండో ఏడు నర్సులు తెలుసుకోవలసిన చట్టం, నీతి చెప్పారు. అందులో ఇన్ఫార్మ్‌డ్ కన్సెంట్ ఒకటి. జబ్బేమిటో, చేసే వైద్యమేమిటో, దానివల్ల మంచేమిటో చెడేమిటో, వేరే దారి ఉందో లేదో మనిషికి అర్థమయ్యేలా చెప్పి, ఆ మనిషి ఇష్టపడితేనే తీసుకునే ఒప్పుదల. ఇప్పుడైతే ఇలా చెప్పగలుగుతున్నాను. అప్పుడు మాత్రం ఇంగ్లీషులో ఆరు లైన్లు, కామాలతో సహా, ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేదాన్ని. మేడంగారు నన్ను క్లాసు ముందు నిలబెట్టి చెప్పించి, "చదివితే ఇలా చదవాలి" అన్నారు. అందరి కళ్లలోనూ అసూయ కనిపించింది నాకు. కళ్లు తిరిగి పడిపోతానేమోనని భయపడి చూశారని మా రూమ్మేట్ తర్వాత చెప్పింది.

ఆ నెలలోనే గుంటూరులో ఆడవాళ్ల ఆపరేషన్ వార్డులో డ్యూటీ పడింది. ఆ వార్డులో అప్పట్లో ఒక పద్ధతి నడిచేది. ఆపరేషన్ ఆడమనిషికి, కాగితం మీద వేలిముద్ర మొగుడిది. మొగుడు లేకపోతే తండ్రిదో అన్నదో. అది ఎవరూ పెట్టిన రూలు కాదు, అలా జరిగిపోతుండేది. మేం కాగితం, ఇంకు డబ్బా పట్టుకుని వరండాలోకెళ్లి "పన్నెండో మంచం తాలూకు ఎవరండీ?" అని కేకేస్తే, పంచె సర్దుకుంటూ ఒకాయన లేచి వచ్చేవాడు.

ఆ రోజు పన్నెండో మంచం మీద ఉన్నది అద్దంకి వైపు నుంచి వచ్చిన ఒక ముప్పయ్యేళ్ల ఆవిడ. మిరపకాయలకి తొడిమలు తీసే కూలిపనికి వెళ్లేది. కడుపులో గడ్డ. మర్నాడు పొద్దున ఆపరేషన్. కేస్ షీట్లో టి.ఎ.హెచ్. అని రాసుంది. గర్భసంచి మొత్తం తీసెయ్యడమని దానర్థం. నేను వరండాలోకెళ్లాను, కేకేశాను, ఆవిడ మొగుడు వచ్చాడు, వేలు ముంచాడు, ముద్ర వేశాడు. రెండు నిమిషాలు పట్టలేదు. వెనక్కొచ్చి కేస్ షీట్లో "కన్సెంట్ టేకెన్" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా కొట్టాను.

తర్వాత ఆవిడ దగ్గరికెళ్లి, "ఏమ్మా, రాత్రి పది దాటాక ఏమీ తినకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, ఒక్క ఆడపిల్ల నాకు. ఆ తర్వాత మూడు కాన్పులు మూడో నెల్లోనే పోయినై. ఈ గడ్డ తీసేశాకన్నా కడుపు నిలబడుద్దా?"

ఇంత ఆశగా అడుగుతున్న మనిషికి, రేపు ఆ కడుపే ఉండదని తెలియదు. నాకు తెలుసు. వరండాలో వేలిముద్ర వేసినాయనకి తెలుసో లేదో నేను అడగనే లేదు. "అడిగి చెబుతానుండు" అని అక్కణ్ణుంచి పారిపోయాను.

నిజం చెప్పాలంటే, మొదట నాకు ఆవిడ మీద జాలి కలగలేదు. నా మీద నాకు భయమేసింది. దొరికిపోతే తిట్లు, హాస్టల్లో నవ్వులు. రేపు ఎలాగూ మత్తిచ్చేస్తారు, నాదేం పోయింది అని కూడా అనుకున్నాను. మందుల గదిలో ఉన్న దూదినంతా రెండుసార్లు సర్దాను. మూడోసారి సర్దుతుంటే వార్డు సిస్టర్‌గారు వచ్చి, "ఆ దూది ఏం పాపం చేసిందే?" అన్నారు. మొత్తం కక్కేశాను.

ఆవిడ తిట్టలేదు. డాక్టరమ్మగారిని పిలిపించారు. ఇద్దరూ పన్నెండో మంచం దగ్గర నిలబడ్డాక నన్ను ముందుకి తోశారు. "ముద్ర వేయించింది నువ్వేగా, చెప్పేది కూడా నువ్వే. తప్పు చెబితే మేం దిద్దుతాం."

నోరు తెరిచాను. ఆరు లైన్ల ఇంగ్లీషు కామాలతో సహా నాలుక చివరికొచ్చి నిలబడింది. తెలుగులో ఒక్క ముక్క లేదు. పుట్టి బుద్ధెరిగి మాట్లాడిన భాషలో, మా అమ్మలాంటి మనిషికి, ఒక్క విషయం చెప్పడం చేతకాక నిలబడ్డాను, క్లాస్ ఫస్టుని.

"అక్కా," అన్నాను చివరికి. "గడ్డ గర్భసంచి గోడలోనే ఉంది. సంచితో సహా తీసేద్దామని రాశారు. తీస్తే నెలసరి రాదు, ఇంక పిల్లలు పుట్టరు."

ఆవిడ గుమ్మం దగ్గరున్న మొగుడి వైపు చూసింది. "నీకు తెలుసా?"

"గడ్డ అన్నారు. ఏలెయ్యమన్నారు, ఏశా" అన్నాడాయన బిక్కమొహంతో.

"నా కడుపు గురించేగా ఇదంతా. నేనీడే ఉన్నాగా మంచం మీద. నన్నడగొద్దా?" అంది నాతో. కేకలేసినా బాగుండేది, మెల్లిగా అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

గడ్డ ఒక్కటే తీయడం కుదరదా అని డాక్టరమ్మగారిని అడిగింది. ప్రయత్నిస్తాను, కానీ రక్తం ఆగకపోతే ప్రాణం కోసం సంచి తీయక తప్పదు అన్నారావిడ. మంచం మీద లేచి కూర్చుని, "పెయత్నం చెయ్యండమ్మా. ఆగకపోతే తీసెయ్యండి. ఆ మాట కాయితంలో రాయండి" అంది. కొత్త కాగితం మీద, ఒక్క పొడి అక్షరం లేకుండా, తెలుగులో రాసి చదివి వినిపించాను. తొడిమలు తీసీ తీసీ అరిగిన వేలు, మొదటిసారి ముద్ర పడలేదు. ఇంకోసారి ఇంకు రాసి గట్టిగా ఒత్తింది.

మర్నాడు రక్తం ఆగలేదు. సంచి తీసేశారు.

సాయంత్రానికి బాగా తెలివొచ్చాక నన్నే పిలిచి అడిగింది. ఈసారి పారిపోలేదు. మంచం పక్కన కూర్చుని, "ఉంచాలనే చూశారక్కా, కుదరలేదు" అన్నాను. గోడ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. చెప్పకుండా ఉంటే ఈ ఏడుపైనా తప్పేదేమో, అనవసరంగా నోరు విప్పానేమోనని పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. అది చూసి నా వైపు తిరిగింది.

"ఏడవమాక సిస్టరమ్మా. నువ్వు చెప్పకపోతే ఊరెళ్లినాక నెల తప్పిందని, నీళ్లోసుకున్నానని మురిసిపోయేదాన్ని" అంది.