ఎడమచేతి బొంగరం

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ సూరేకారం అనేవారు. మొహం మీద అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. పంతొమ్మిదేళ్లుగా అట్టలు కోసే ప్రెస్సు మీద ఆమెదే చెయ్యి. పనిలో వంక పెట్టనిచ్చేది కాదు, ఎదుటివాళ్ల వంక చూసి ఊరుకునేదీ కాదు.

ప్రెస్సు నోటి దగ్గర చేతులకు అడ్డంగా ఒక ఇనుప జాలీ ఉండాలి. అది ఉంటే చెయ్యి లోపలికి పోదు, కాని పని కాస్త నిదానిస్తుంది. ఆర్డర్లు ఎక్కువైన రోజుల్లో సూపర్‌వైజరు ఆ జాలీ ఊడదీయించాడు. వారంలో మళ్లీ పెట్టిస్తానన్నాడు. ఆమె మూడుసార్లు అడిగింది, నాలుగోసారి అందరి ముందూ కడిగేసింది. ఏడాది దాటినా జాలీ రాలేదు. ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకు ప్రెస్సు ఆమె కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ సగానికి తీసేసుకుంది.

ఆసుపత్రిలో ఆమె ఏడవలేదు. ఇంటికొచ్చిన మర్నాడు పక్క ప్రెస్సు ఆవిడ చూడటానికి వచ్చింది. ప్రమాదాల రిజిస్టరులో ఏం రాశారో ఆవిడే నసుగుతూ చెప్పింది. పని తొందరగా తెమల్చుకోవాలని ఆ రోజు పొద్దున జాలీ ఊడదీసింది ఈమేనట. కింద సూపర్‌వైజరు సంతకం కూడా ఉందట.

ఆ మాట విన్నప్పటినుంచి ఇంట్లో ఎవరికీ ఊపిరాడలేదు. అన్నం గిన్నె మీద కోపం, జాకెట్టు హుక్కుల మీద కోపం, తలుపు గడియ మీద కోపం. జడ వేసుకోవడం చేతకాక దువ్వెన గోడకేసి కొట్టింది. భర్త సిటీ బస్సు డ్రైవరు. రోజంతా జనం తిట్లు తిని ఇంటికొచ్చి మళ్లీ ఇవి తినేవాడు, పల్లెత్తు మాట అనకుండా. ఆయన ఊరుకోవడం చూసినా ఆమెకు ఒళ్లు మండేది. చేతులకు వ్యాయామం చేయించే డాక్టరమ్మ మెత్తని రబ్బరు బంతి ఇచ్చి రోజుకు వందసార్లు నొక్కమంది. మూడో రోజున ఆ బంతి కిటికీలోంచి వీధిలోకి పోయింది.

చివరికి భర్త తన అక్కను పిలిపించాడు. ఆవిడ బట్టలు కుట్టే మనిషి, భర్త పోయాక మిషన్ మీదే బతుకు వెళ్లదీసుకుంటోంది. వదినా మరదళ్లకు ఆరేళ్లుగా మాటలు అంతంతమాత్రం. అత్తగారు మంచంలో ఉండగా ఈమె సెలవు పెట్టలేదని, పోయిన రోజున పదిమందిలో ఆ వదినే అనరాని మాటలంది.

వదిన సంచీ దించి, మొదటి రోజంతా వంటా ఇల్లూ సర్దింది. రెండో రోజు చెక్క బొంగరం ఒకటి, బారెడు తాళ్లు రెండూ మరదలి ముందు పెట్టింది. ఎర్రరంగు వేసిన కొత్త బొంగరం, కింద మేకు. నలుగురు తమ్ముళ్ల మధ్య పెరిగిన వదిన చిన్నప్పుడు వాళ్ల బొంగరాలన్నీ గెలుచుకున్న ఘనురాలని భర్త ఎప్పుడో చెప్పాడు.

"ఆడుకోవడానికి నేనేమన్నా పసిపిల్లననుకున్నారా?" అందామె.

"పసిపిల్లలు బంతులు విసిరేస్తారు. ఆ పని ఎలాగూ అయిందిగా," అంది వదిన.

నేర్పడం మొదలుపెట్టాక వదినకు ఒక చిక్కు తెలిసింది. తనది కుడిచేతి వాటం. మరదలు ఇప్పుడు అంతా ఎడమచేత్తో చెయ్యాలి. పక్కన కూర్చుని చూపిస్తే ప్రతిదీ తారుమారవుతోంది. అందుకని ఎదురుగా కూర్చుని, అద్దంలో చూసినట్టు చెయ్యమంది. మిగిలిన మూడు వేళ్లతో కుడిచెయ్యి బొంగరాన్ని గట్టిగా పట్టుకోవాలి. ఎడమచెయ్యి తాడు చుట్టాలి. తాడు కొసను మేకు దగ్గర నొక్కిపెట్టి, మేకు చుట్టూ రెండు చుట్లు బిగించి, అక్కణ్నుంచి పైకి చుట్టు పక్కన చుట్టు రావాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే తాడు చిక్కుపడుతుంది. రెండో కొసకున్న ముడిని ఎడమచేతి వేళ్ల సందున ఇరికించుకుని, బొంగరాన్ని ఆ చేత్తోనే ముందుకు వదిలి, తాడు విప్పుకుంటుండగా చెయ్యి వెనక్కి లాగాలి.

చెప్పడానికి ఇంతే. వారం రోజులపాటు తాడు సగం చుట్టగానే జారిపోయింది. చుట్టడం వచ్చాక విసరడం రాలేదు. బొంగరం పక్కకు పడి దొర్లేది, తలకిందులుగా పడేది, ఒకసారి బకెట్టు పగలగొట్టింది. ఒకసారి తాడు వదలకుండా వెనక్కి ఎగిరొచ్చి, వెనక నిలబడి చూస్తున్న వదిన మోకాలి చిప్పకు తగిలింది.

వదిన మోకాలు పట్టుకుని కూలబడి, "ఆ విసరడమేంటే? ఎవణ్ని చంపుదామని?" అంది.

"వాణ్నే. దొరికితే వదులుతాననుకున్నారా?" అందామె. "అబద్ధం రాసి సంతకం పెట్టాడు. మీ అమ్మ మంచంలో ఉన్నప్పుడు సెలవడిగితే కాగితం నా మొహాన కొట్టిందీ వాడే. పోతే ఉద్యోగం పోయిందనుకో అన్నాడు. అప్పటికి మీ తమ్ముడు పనిచేసే బస్సు కంపెనీ మూతపడి ఎన్నాళ్లయిందో మీకు గుర్తుందా?"

వదిన ఆ సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగింది.

"మీరు అడిగారా? తిట్టారు."

ఆ రోజుకు పాఠం అయిపోయింది. వదిన క్షమించమనలేదు, ఈమె ఎదురుచూడనూ లేదు. మర్నాడు పొద్దున వదిన బొంగరం చేతికిస్తూ, కోపం ఎంత కావాలంటే అంత పడమనీ, మణికట్టు మాత్రం బిగబట్టొద్దనీ చెప్పింది. బిగబట్టిన చేతిలోంచి బొంగరం సరిగ్గా వదలదట. ఆ పూటే మొదటిసారి అది మేకు మీద నిలబడింది. మూడు సెకన్లు తిరిగి పడిపోయింది. ఆమె నవ్వలేదు. ఇంత చిన్నదానికి పన్నెండు రోజులు పట్టిందని పళ్లు నూరుకుంటూ మళ్లీ తాడు చుట్టింది.

తాడు ఇంకా జారుతోందని ఒక మధ్యాహ్నం వదిన బ్లేడు తీసుకుని బొంగరం మీది రంగు గీకడం మొదలుపెట్టింది. తాడు పట్టడానికి చెక్కకు గాడి తీసి ఉంది గాని, ఆ గాడి నిండా రంగే. గాడి తీశాక వేసిన రంగు గనక లోపలికి దిగి గట్టిపడిందని వదిన విసుక్కుంది.

ఆమె, బ్లేడు పట్టుకున్న వదిన చేతిని ఆపేసింది. ప్రెస్సుకు జాలీ బిగించే నాలుగు మరల చిల్లులు ఆమె కళ్లముందు కదిలాయి. వాటి నిండా ఆకుపచ్చ రంగు. కిందటేడు యంత్రాలన్నిటికీ కొత్తగా ఆకుపచ్చ రంగు వేయించారు. ప్రమాదం జరిగిన రోజు పొద్దున తనే జాలీ ఊడదీసి ఉంటే ఆ చిల్లుల్లోకి రంగు ఎలా వెళ్తుంది?

ఫ్యాక్టరీలను తనిఖీ చేసే అధికారి విచారణకు వచ్చిన రోజు ఆమె చేతికట్టు లేకుండా వెళ్లింది. మేనేజరు కుర్చీ చూపించినా కూర్చోలేదు. సూపర్‌వైజరు రిజిస్టరులో ఉన్నదే అప్పజెప్పాడు. ఆమె గొంతు పెంచలేదు. పక్క ప్రెస్సు ఆవిడ ఆ తర్వాత చెప్పినదాన్నిబట్టి, అరిచినా అంత భయం వేసేది కాదట.

"రంగు వేసింది ఎప్పుడో వీళ్ల లెక్కల్లో ఉంటుంది. మీరొచ్చి ఆ చిల్లుల్లో మేకు పెట్టి గీకి చూడండి. తర్వాత వీణ్ని అడగండి, పొద్దున తీసిన జాలీ చిల్లుల్లోకి ఏడాది కిందటి రంగు ఎక్కణ్నుంచి వచ్చిందో," అంది.

అధికారి చిన్న స్క్రూడ్రైవరు తెప్పించుకుని స్వయంగా గీకాడు. నాలుగు చిల్లుల్లోనూ గట్టిపడిన ఆకుపచ్చ రంగు పొట్టులా రాలింది. పక్క ప్రెస్సు ఆవిడ, ఆవిడ వెనక మరో ఇద్దరూ నోరు విప్పారు. సూపర్‌వైజరు మేనేజరు వంక చూశాడు. మేనేజరు కిటికీ వంక చూశాడు.

రిజిస్టరులో ఆ వాక్యం కొట్టేసి కొత్తగా రాశారు. నెల తిరక్కుండా ప్రెస్సులన్నిటికీ జాలీలు బిగించారు. సూపర్‌వైజరును వేరే యూనిట్‌కు పంపారు, ఉద్యోగం మాత్రం తియ్యలేదు. తప్పయిందని ఆమెతో ఒక్కరూ అనలేదు. ఆమెకు సరుకు తనిఖీ చేసే పని ఇచ్చారు. చేరిన మొదటిరోజే ఎవరో చెయ్యి చూసి అయ్యో అంటే, తన వేళ్లు కాదు, చేతిలో ఉన్న అట్ట చూసుకోమంది. కోపం తగ్గలేదు. తగ్గాలని ఆమె అనుకోనూ లేదు.

వదిన ప్రయాణమై సంచీ సర్దుకుంటున్న రోజున మరదలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బొంగరం ఎడమచేతిలో ఉంది.

"తిరిగేదాన్ని చేతిలోకి ఎత్తుకోవడం నేర్పకుండా వెళ్లిపోతారా? సగం పని చేసి పోవడమేనా మీ ఇంటి పద్ధతి?"

అది ఇంకో వారం పడుతుందని వదిన గొణిగింది. కుట్టాల్సిన బట్టలు పేరుకుపోయాయనీ, జనం తిడతారనీ అంది.

"తిట్టనీండి. నా దగ్గర పడిన తిట్ల ముందు అవేపాటి?"

వదిన సంచీని పక్కకు నెట్టింది. తర్వాత చీరకొంగు నడుముకు దోపుకుని, ఇంత ఇరుకులో కుదరదనీ, బయటికి నడవమనీ కసిరింది.