నేను తిప్పని గెయిన్ నాబ్

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. డెబ్భైల్లో గవర్నర్‌పేటలో ఆంప్లిఫయర్లు, టేప్ రికార్డర్లు బాగుచేసేవాణ్ణి. రేడియో దానంతటదే మాట్లాడుతోందని ఎవరైనా వస్తే, విప్పి వదులైన వైరు చూపించి పంపేవాణ్ణి. ఇది మాత్రం విప్పి చూసినా నాకు అంతుపట్టలేదు.

మైలవరం నుంచి దావీదు మాస్టారని ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. చేతిలో పాత స్పూల్ టేపు. అందులో ఆయన భార్య పాడిన జోలపాట ఉంది. పిల్లకి ఏడాది నిండకముందే ఆవిడ పోయింది. పద్నాలుగేళ్ళొచ్చినా ఆ అమ్మాయికి తల్లి గొంతు ఎలా ఉంటుందో తెలీదు.

టేపు చూడగానే నాకు దిగులేసింది. పూత పొడిపొడిగా రాలుతోంది. ఒక్కసారి తిరిగితే గొప్ప. ఆ ఒక్కసారిలోనే కొత్త టేపు మీదికి ఎక్కించాలి.

"అవుతుందంటారాండీ?" అన్నారు మాస్టారు.

"చూద్దామండీ" అన్నాను.

మా పనిలో ఒక నియమం ఉంది. బాస్ గానీ ట్రెబుల్ గానీ పెంచితే, ముందు ప్రీ-ఆంప్ గెయిన్, అంటే లోపలికి వచ్చే శబ్దాన్ని మొదట పెంచే నాబ్, తగ్గించుకోవాలి. గెయిన్ కాలవ లాకు లాంటిది, వాల్యూమ్ చేలోకి నీళ్ళు వదిలే మడవ లాంటిది. పైన కాలవకి గండి పడ్డాక కింద మడవ కట్టి లాభం లేదు. గెయిన్ ఎక్కువై గొంతు పగిలితే, వాల్యూమ్ తగ్గించినా ఆ పగిలిన గొంతే చిన్నగా వినబడుతుంది. కనబడ్డ ప్రతి మైకుసెట్టువాడికీ ఈ పాఠం చెప్పేవాణ్ణి. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

ఆ రోజు నేనే మర్చిపోయాను. పాటకి ముందున్న నాలుగు మాటల వరకే తిప్పి చూశాను; అవి మూసుకుపోయినట్టు వినబడితే ట్రెబుల్ బాగా పెంచాను. గెయిన్ ఏడు మీదే వదిలేశాను. హెడ్‌ఫోన్ వాల్యూమ్ తక్కువగా ఉంది కాబట్టి తేడా తెలియలేదు.

మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టాను. టేపు తెగకుండా, తిరిగే రెండు స్పూళ్ళకీ రెండు చేతులూ మెత్తగా ఆనించి ఉంచాను. తండ్రీకూతుళ్ళు గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చున్నారు. షాపులో ఇంకెవరూ లేరు.

ఆవిడ గొంతు మెల్లగా మొదలై పైకి లేచింది. శబ్దం ఎంతుందో చూపే మీటరు ముల్లు ఎర్రగీత వైపు పరుగెత్తింది. అప్పుడు గుర్తొచ్చింది గెయిన్. చెయ్యి వదిలితే టేపు తెగుతుంది, వదలకపోతే పాట పగులుతుంది. ఎదురుగా ఆ పిల్ల నన్నే చూస్తోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ముల్లు గీతని తాకబోయి వెనక్కి వచ్చింది. చూస్తే గెయిన్ నాబ్ నింపాదిగా తిరుగుతోంది. ఆరు, ఐదు. నాలుగు మీద ఆగింది. నిజం చెప్పొద్దూ, భయమేసింది. చేతులు మాత్రం వదల్లేదు.

తర్వాత నాబ్ విప్పి చూశాను. బిగుతుగానే ఉంది. కరెంటు తగ్గిందనుకున్నా, కరెంటు తగ్గితే నాబ్ తిరగదు. రోడ్డు మీద లారీ అదురనుకున్నా, అదురుకి కదిలిన నాబ్ సరిగ్గా కావలసిన చోట ఆగదు. పాత టేపు రెండోసారి తిప్పబోతే ముక్కలైపోయింది.

కొత్త టేపు ముందు అమ్మాయే విన్నది. హెడ్‌ఫోన్ రెండు చెవులకీ అదుముకుని పాట అయిపోయేదాకా తియ్యలేదు. ఆ తర్వాత, "నాన్నా, అమ్మ ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోంది" అంది.

మాస్టారు నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. "మీ చేతి చలవండీ" అన్నారు.

ఆ నాబ్ ఎవరు తిప్పారో ఇప్పటికీ నాకు తెలీదు. పొగడ్త మాత్రం నేనే ఉంచుకున్నాను.