తవిటయ్య మావయ్య కట్టిన వరికుచ్చు

మా మేనమామ తవిటయ్య పరమపదించాడన్న కబురు నాకు కోటబొమ్మాళి సంతలో అందింది. ఆయన తెమ్మన్న చోళ్లే, అంటే రాగులే, కొని సంచి కట్టిస్తున్నాను. ఫోను జేబులో పెట్టుకున్నాక కూడా ఎటు నడవాలో తోచక అక్కడే నిలబడిపోయాను.

కొన్నేళ్ల కిందటి తుఫానుకి ఉద్దానంలో ఆయన కొబ్బరితోట పడిపోయింది, తాటాకిల్లు ఎగిరిపోయింది. ఆయన తోట మళ్లీ నాటాడు, శ్లాబు ఇల్లు కట్టాడు. చూరు లేని ఆ ఇంటికి పిచ్చుకలు మాత్రం తిరిగి రాలేదు. “ఇల్లయితే లేచింది గానీ, పొద్దున్నే ఆ సప్పుడు లేదురా అల్లుడూ” అన్నాడు. వాటిని తిరిగి రప్పించాలన్నదే ఆయన పట్టుదల అయింది.

మొదట పళ్లెంలో జీడిపప్పు బద్దలు పెట్టాడు. ఎందుకని అడిగితే, “ఉద్దానం వొచ్చినోలు జీడిపప్పు తినకుండా ఎలిపోతారేట్రా?” అన్నాడు. కాకులూ ఉడతలూ విందు చేసుకున్నాయి. ఈ మడిసి మనవలకి దాచిన పప్పు కాకులకి పంచుతున్నాడని మా అత్త అప్పలమ్మ వీధంతా చెప్పింది.

పలాస లైబ్రరీ నుంచి నేను పక్షుల పుస్తకం తెచ్చాను. నేను చదువుతుంటే మావయ్య కొబ్బరి తాడు పేనుతూ విన్నాడు. పొట్టి, లావు ముక్కు గింజలు ఒలిచే పిట్టదని అందులో ఉంది. పిచ్చుక ముక్కు అలాంటిదేనని తేలాక చోళ్లు, బియ్యపు నూకలు ఎంచుకున్నాం. వాననీరు నిలవకుండా కొబ్బరి చిప్పలకి అడుగున చిల్లులు పెట్టి వేలాడదీశాం. ఊగే వరికంకుల కుచ్చు మీద కాకికి కాలు నిలవదని మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆయనకి తోచింది. కొత్త పంటలో తొలి కంకులు అల్లి, వసారా ముందు అడ్డంగా వెదురు బిగించి దానికి కట్టాడు. ఆ ఏడే పిచ్చుకలు వచ్చాయి. వసారా ఊడవలేక చస్తున్నానని అత్త రోజూ సాధించేది. ఆయన నవ్వి చీపురు తనే అందుకునేవాడు.

ఆయన పోయిన రోజు షామియానా వాళ్లు తాడు కట్టడానికి ఆ వెదురు దగ్గరికే వెళ్లి, కుచ్చు విప్పబోయారు. అప్పటిదాకా గోడకి ఆనుకుని ఏడుస్తున్న అత్త లేచింది.

“దాన్ని ముట్టకండి నాయనా. పిట్టలొచ్చి తినీ యేలయింది. ఆయనకి ఎండ తగిల్తే తగల్నీయండి.”

షామియానా వెనక్కి జరిపారు. ఆయన పాదాల మీద ఎండ పడింది. అంత జనంలోనూ కాసేపటికి పిచ్చుకలు వచ్చి కుచ్చు పట్టుకుని ఊగాయి.

తోటలు మళ్లీ పెంచినవాళ్లు ఉద్దానంలో చాలామంది ఉన్నారు. పోయిన పిచ్చుకల్ని ఇంటికి పిలుచుకున్నవాడు మా ఊళ్లో ఆయనొక్కడే. ఆయన మేనల్లుడినని ఎక్కడైనా తలెత్తి చెబుతాను. ఆ చోటు భర్తీ చేయగలవాడు నాకు కనిపించడం లేదు.

దహనం ముగించుకుని వచ్చేసరికి, నేను తెచ్చిన చోళ్ల సంచి విప్పి ఉంది. అత్త చిప్పలన్నీ నింపేసింది.