స్టీరింగ్ ఉన్న కంప్యూటర్

పటాన్‌చెరులో ఆదివారాలు మేం నలుగురం ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి ఆన్‌లైన్‌లో కార్ల రేసులు ఆడేవాళ్లం. అక్కడ ఒక్క కంప్యూటర్‌కే స్టీరింగ్ ఉండేది. దాని ముందు నా స్నేహితుడు కూర్చునేవాడు. ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ కింద పడి అతని కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. కీబోర్డు మీద చెయ్యి ఆడేది కాదు. స్టీరింగ్‌ను మాత్రం అరచేత్తో తిప్పేవాడు. ఎక్కువసార్లు అతనే గెలిచేవాడు.

ఒక ఆదివారం ఓడిన ఉక్రోషంలో నేనన్నాను: "స్టీరింగ్ ఉంటే ఎవలైనా గెలుస్తరు. అందరం కీబోర్డుతోనే ఆడాలె."

మిగతా ఇద్దరూ సరే అన్నారు. అతను స్టీరింగ్ మీంచి చెయ్యి తీశాడు.

"గదే న్యాయం తియ్యి," అని లేచి కీబోర్డు ముందుకు వచ్చాడు.

మొదటి మలుపులోనే అతని కారు గోడను గుద్దుకుంది. మేం ముగించాక కూడా అతను ఒక్కడే చివరిదాకా నడిపాడు. మళ్లీ ఆ సెంటర్‌కి రాలేదు.

తర్వాతి వారం స్టీరింగ్ నేను పట్టుకున్నాను. కారు ఒక్క మలుపులోనూ నిలవలేదు. అందరికన్నా వెనక వచ్చాను.

ఆ మాట అతనికి చెప్పాలని హత్నూరలో వాళ్లింటికి వెళ్లాను. చాయ్ ఇచ్చి, "అందరు మంచిగున్నరా?" అని అడిగాడు. ఉన్నారన్నాను. చెప్పాల్సింది చెప్పకుండానే బస్సెక్కాను.