పాట అయ్యాకే బీపీ

షార్జాలో నా కాన్పుకి ముందు పరీక్షలన్నీ చూసిన సిస్టర్ పోయారని మొన్న శుక్రవారం పొద్దున్న ఫోనొచ్చింది. సెలవు మీద నైజీరియా వెళ్ళి, సొంత ఊళ్ళోనే కన్నుమూశారట. పెనం మీద పెసరట్టు మాడిపోతున్నా తీయాలని తోచలేదు.

ఆవిడ తమ దేశంలో ఓ పెద్ద బోధనాసుపత్రిలో పనిచేసి వచ్చారు. అక్కడి పద్ధతే అల్ నహ్దాలోని మా ఆసుపత్రిలోనూ పెట్టారు. మంగళవారం గర్భిణులందరం వచ్చిన వరసలో బెంచీల మీద కూర్చోవాలి. ముందు ఏం తినాలో ఉపన్యాసం, తర్వాత పాట, చప్పట్లు. ఆ తర్వాతే బరువు, బీపీ, మూత్రపరీక్ష, డాక్టరమ్మ. మా అందరికీ ఆవిడ పెట్టిన పేరు ఒక్కటే, "మమ్మీ".

"నాకు పాటలు రావు సిస్టర్, బీపీ చూసేయండి" అన్నాను మొదటిరోజు. అది 2004.

"పాట ఖలాస్ అయ్యాకే బీపీ. యల్లా, కానివ్వు మమ్మీ, చప్పట్లు!"

ఇంకేం చేస్తాం! ఓ మలయాళీ ఆవిడ, ఓ పంజాబీ ఆవిడ, నేను, ముక్క అర్థంకాని పాటకి భజన చేసేవాళ్ళం. మావారు గోడవైపు తిరిగి నవ్వుకుంటుంటే ఆయన్నీ లేపి పాడించారు. పై వారం నుంచి ఆయనకి మంగళవారాలు ఆఫీసులో ఒకటే పని.

తొమ్మిదో నెల పడింది. శుక్రవారం శ్రీమంతం, నలభైమందిని పిలిచాం. మంగళవారం చూస్తే తల పగిలిపోతోంది. చెబితే ఆసుపత్రిలో పడుకోబెట్టేస్తారని నోరు మెదపలేదు.

"ఎలా ఉన్నావు మమ్మీ?"

"భేషుగ్గా ఉన్నాను సిస్టర్."

పాట సగంలో ఆవిడ ఆగి, వచ్చి నా చేతులు పట్టుకున్నారు. వాచిపోయిన వేలిలో ఉంగరం కూరుకుపోయి ఉంది.

"నీ చప్పట్లు వినపడలేదు. పాట ఎందుకనుకున్నావు? నోటితో అందరూ బాగున్నామనే అంటారు."

బీపీ చూడగానే చక్రాల కుర్చీ తెప్పించారు. "నలభైమందికి పులిహోర చెప్పాం సిస్టర్!" అని ఏడ్చాను.

"బిడ్డని ఎత్తుకున్నాక నాకూ పెట్టు" అన్నారు.

శుక్రవారం గాజులు వార్డుకే వచ్చాయి. నా చేతికి ఒక్కటీ ఎక్కలేదు. సిస్టర్ చేతికి అసలే ఎక్కవు. ఆవిడ వాటిని బీపీ మిషను గొట్టానికి తొడిగారు. పంపు నొక్కినప్పుడల్లా గలగలమనేవి. పది రోజులకి పాప పుట్టింది. ఆవిడే లేకపోతే పాపా లేదు, నేనూ లేను.

ఫోను పెట్టేశాక నాలుగేళ్ళ పాపని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ పాట ఎత్తుకున్నాను. అది ఎగిరెగిరి చప్పట్లు కొట్టింది. "నువ్వూ కొట్టమ్మా" అంది. నా చేతులకి ఇప్పుడు వాపేం లేదు, ఉంగరం వదులుగానే ఉంది. అయినా చప్పుడు రాలేదు.