వేళ్ళు ముడిపెట్టుకున్న ముసలాయన

వీరరాఘవులు గారు రోజూ తెల్లవారకముందే లేచి, రామనామం చెప్పుకుంటూ, ఇంటి ఓనర్ల కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవారు. ఒక్కో టైరునూ అరచేత్తో తట్టి, అద్దం మీద పేరుకున్న మంచు గీకి, అప్పుడు గాని తాము అద్దెకుంటున్న బేస్‌మెంట్ మెట్లు దిగేవారు కాదు. పందొమ్మిదేళ్ళు ట్రక్కు తోలిన మనిషి. బండి కదిలేముందు చుట్టూ చూసుకోవడం ఒంట్లో ఇంకిపోయింది. పై అంతస్తులో ఉండే పంజాబీ పెద్దావిడ అప్పుడప్పుడూ మెట్ల మీద వేడి పరాఠాలు పెట్టి వెళ్ళిపోయేది.

ట్రక్కు మానేసి ఐదు నెలలైంది. నడుం నొప్పి, అందుకే సెలవు పెట్టానని భార్య కమలకుమారికి చెప్పారు. అసలు పోతున్నవి కళ్ళు. గ్లకోమా. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది; పక్కలు కరిగిపోతున్నాయి. డాక్టరు రిపోర్టుతో ట్రక్కు లైసెన్సు పోయింది. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. నడుం నయమయ్యేదాకా కదా అని కమల వేర్‌హౌస్‌లో ఓవర్‌టైమ్ చేస్తూ నలిగిపోతోంది.

పగలు ఇంట్లో కూర్చోలేక ఆయన కమ్యూనిటీ సెంటర్‌లో ఆయిల్ పెయింటింగ్ క్లాసులో చేరారు. నేర్పేది లూర్దెస్ అనే పోర్చుగీసు ఆవిడ. పాత బొమ్మల అచ్చు కాగితాలు ముందు పరిచి, ఒకటి ఎంచుకుని చూసి వేయమంది. ఆయన నాలుగు వందల ఏళ్ళ నాటి బొమ్మ తీసుకున్నారు. చుట్టూ చీకటి. మధ్యలో కన్నీళ్ళతో పైకి చూస్తున్న ముసలి పేతురు, ఏసు శిష్యుడు. ఆయనకు ఇప్పుడు లోకమంతా అలాగే కనిపిస్తోంది మరి.

దేవుడి సంగతి కదా అని బూట్లు విప్పి, చల్లటి గచ్చు మీద మేజోళ్ళతోనే నిలబడి వేసేవారు.  రెండో వారానికి లూర్దెస్, ఆయన బొమ్మ నిలబెట్టే ఈజిల్ ముందు ఒక పాత కార్పెట్ ముక్క పరిచి ఉంచింది.

"ఏమండీ, నడుం నొప్పి మనిషి గంటలు గంటలు బొమ్మలేస్తాడా?" అంది కమల ఒకరోజు, ఆయన కోటు మీద రంగు మరక చూసి.

"కూచునే వేస్తున్నాలే."

"అయితే సరే. పలకా బలపం కూడా కొనిపెట్టనా?" నవ్వబోయి ఆవులించింది.

గడ్డం కుదిరింది, కన్నీళ్ళు కుదిరాయి. చేతుల దగ్గరే చిక్కొచ్చింది. మూడుసార్లూ అరచేతులు కలిపి నమస్కారమే వేశారు. మూడుసార్లూ లూర్దెస్ గుడ్డను టర్పెంటైన్‌లో ముంచి తుడిచేసింది.

"సరిగ్గా చూడండి. ఆయన వేళ్ళు ఒకదాంట్లో ఒకటి ముడిపడి ఉన్నాయి."

"దేవుడి ముందు అలా ఎలాగమ్మా? నా చెయ్యి అటు పోవడం లేదు."

"ఆయన పూజ చేయడం లేదు. భయపడి, తన గురువునే ఎరగనని మూడుసార్లు అబద్ధం చెప్పాడు. ఇప్పుడా చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీక పిసుక్కుంటున్నాడు."

ఆయన కుంచె కింద పెట్టేశారు. ఆ రోజు ఇంకేమీ వేయలేదు.

సాయంత్రం కమల వేణ్ణీళ్ళ టబ్బులో పాదాలు పెట్టుకుని కూర్చుని ఉంటే, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"కమలా, నా నడుం బాగానే ఉంది."

"మంచిది. డ్యూటీకి ఎప్పుడెళ్తారు?"

"ఇక వెళ్ళను. తోలనివ్వరు." మొత్తం చెప్పారు. కళ్ళు, రిపోర్టు, లైసెన్సు, ఐదు నెలలు.

కమల నీళ్ళలోంచి పాదాలు పైకి తీసి టబ్బు అంచున పెట్టింది.

"మొన్న బస్టాపులో మీ పక్కకొచ్చి నిలబడ్డాను. మీరు పలకరించనైనా లేదు. ఓవర్‌టైమ్‌తో నాకు ఇల్లు పట్టడం లేదని మీకు కోపమేమో అనుకున్నా. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు."

"ఏ పక్కకొచ్చావు?"

"ఎడమ పక్కకి."

ఆయన తువ్వాలు అందుకుని ఆవిడ పాదాలు తుడిచారు. 

"అటు అసలేమీ కనిపించదు కమలా," అన్నారు. "ఇకనుంచి బయటికెళ్ళినప్పుడు, నువ్వు నాకు ఆ పక్కన నడుస్తావా?"